సున్నం కింద రన్‌వే

"మేడమ్, మీ రన్‌వే మీద మేము మిరపకాయలు ఎండబెడతాం."

నా వీడియో కింద ఈ వ్యాఖ్య చూసి మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ రన్‌వే కోసం నేను నాలుగు నెలల ఆదివారాలు ధారపోశాను.

నా పిచ్చి గురించి ముందే చెప్పేస్తాను. గుంటూరులో ఓ ప్రభుత్వ ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం నాది. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో విమానం నడుపుతాను. దాన్ని సిమ్యులేటర్ అంటారు. ఆట అంటే నాకు కోపం వస్తుంది కానీ, మా ఆయన ఆటే అంటాడు. "మా ఆవిడకి స్కూటీ బ్యాలెన్స్ రాదు గానీ బోయింగ్ నడుపుతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నిజానికి పెద్ద విమానాల మీద నాకు మోజు లేదు. ఒకప్పుడు ఉండి, ఇప్పుడు దున్నేసిన చిన్న చిన్న పాత విమాన మైదానాలను వెతికి, వాటిని మళ్లీ కంప్యూటర్‌లో కట్టడం నా సరదా. వాటి మీద ఆనాటి పాత విమానాలను దింపి, వీడియో తీసి పెడతాను. చూసేవాళ్లు పది దేశాల్లో పది మంది ఉంటారు.

ఆళ్లగడ్డ దగ్గర పూర్వం పత్తికి మందు చల్లే విమానాలు దిగే మట్టి రన్‌వే ఒకటి ఉండేదని ఓ పాత పటంలో చూశాను. పటంలో రెండు మాటలే ఉన్నాయి, చోటు సరిగ్గా లేదు. ఉపగ్రహ చిత్రంలో వెతికితే కాలువ పక్కన తిన్నగా, చదునుగా, ఎర్రగా ఓ పట్టీ కనిపించింది. ఇంకేం, దొరికిందనుకుని అక్కడే కట్టేశాను. అది మిరప కల్లమట! గుంటూరులో పుట్టి, మిరప యార్డు ఘాటుకి తుమ్ముతూ పెరిగినదాన్ని, మిరప కల్లాన్ని గుర్తుపట్టలేకపోయాను. ఎవరికైనా చెప్పుకుంటే సిగ్గు.

వ్యాఖ్య రాసినావిడ పేరు సుగుణమ్మ, ఆ ఊళ్లో టీచర్. ఊరి పేరు రాయొద్దంది, రాయను. ఫోన్‌లో ఆవిడ చెప్పింది విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. వాళ్ల నాన్న దేవదానం వయసులో ఉండగా ఆ విమానాలకు జెండా ఊపే పని చేశాడట. ఊళ్లో ఎవరూ నమ్మరు. ఫొటో లేదు, కాగితం లేదు. 'గాలి దేవదానం' అని పేరు పెట్టారు. అలాంటిది నా వీడియో వచ్చింది. పెద్దాయన మురిసిపోయి టీ బంకులో అందరికీ చూపించమన్నాడు. చూస్తే రన్‌వే ఆయన చెప్పే చేలో కాదు, కాలువ గట్టున ఉంది.

"కంప్యూటరోళ్లే ఆడ అంటాంటే నువ్వు ఈడ అంటావేందని ఎగతాళి చేసినారు మేడమ్. అంతకుముందు గాలి అంటాండ్రి, ఇప్పుడు అబద్ధాలోడు అంటాండారు. నెల నుంచి మా నాయన బంకు కాడికి పోవడమే లేదు."

నేను ముక్కూమొహం తెలియని ఓ ముసలాయన మాట పోగొట్టాను. జూలైలో మూడు రోజులు సెలవు పెట్టి, లాప్‌టాప్ సర్దుకుని బయలుదేరాను.

నంద్యాలలో ఉగ్గాని

గుంటూరు నుంచి రైలు నల్లమల అడవిలోంచి పోతుంది. గిద్దలూరు దాటాక చెట్లు కిటికీలోకి చేతులు పెడతాయి. ఆళ్లగడ్డ పోతున్నానంటే మా పక్కింటావిడ "బాంబులేస్తారటగా" అని హడలిపోయింది. సినిమాలు చూసి భూగోళం నేర్చుకుంటే అంతే.

నంద్యాల స్టేషన్ బయట బండి దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాను, ప్లేటు నలభై. మా మరమరాలను వీళ్లు బొరుగులంటారు. వాటిని తడిపి, పిండి, పుట్నాల పొడి చల్లి తాలింపు పెడతారు. పక్కన పొడవాటి మిరపకాయ బజ్జీ. మావైపు మరమరాలంటే సాయంకాలం పిల్లలకు పెట్టేవి. ఇక్కడ పొద్దున్నే బస్తాలెత్తే మనుషులు అవి తిని పనికి పోతున్నారు.

"యాడ నుంచి వస్తాండావక్కా?" అంది బండావిడ.

"గుంటూరండి."

"అయితే ఇంకో రెండు బజ్జీలు తిను. నీకు ఈ కారం సాలదు."

మా ఊరి పరువు కోసం తిన్నాను. ఆళ్లగడ్డ చేరేదాకా నీళ్లు తాగుతూనే ఉన్నాను.

సున్నా టికెట్టు

ఆళ్లగడ్డ బస్సులో కండక్టర్ ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితం కాబట్టి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. పక్క సీటావిడ గంపలో వంకాయలున్నాయి. మావైపు బస్సులో కొత్తవాళ్లతో మాట కలపాలంటే ముందు ఎండ గురించి, వాన గురించి మాట్లాడతాం. ఈవిడకి ఆ చుట్టుతిరుగుళ్లు లేవు.

"యాడికి పోతాండావ్? మొగుడు రాలేదా? ఏం పని?"

ఒకప్పుడు విమానాలు దిగిన నేల కొలవడానికి పోతున్నానన్నాను.

"ఇమానమా? ఇమానం కావాలంటే ఓర్వకల్లు పోవాల గానీ, ఆళ్లగడ్డలో ఏముండాది? ఎవురో నిన్ను ఆడిచ్చినారు." కాసేపాగి, జాలేసిందేమో, రెండు వంకాయలు నా సంచిలో వేసింది.

ఆళ్లగడ్డలో దిగగానే రాయి చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్ల కింద సగం చెక్కిన దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు. ఒకాయనకి ముక్కు లేదు, ఒకావిడకి చేతులు ఇంకా రాతిలోనే ఉన్నాయి. సుగుణమ్మ వచ్చేదాకా ఓ శిల్పి పక్కన నిలబడి ప్రశ్నలతో విసిగించాను. చెక్కిన రాయిని ఎలా గుర్తుపడతారంటే, ఆయన తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"ఉలి దెబ్బలు వరసగా పడతాయమ్మా. అంచులు మూలమట్టానికి నిలుస్తాయి. అది ఊరికే వచ్చేది కాదు, కూలి ఇచ్చి చేపిచ్చుకున్న రాయని అర్థం."

ఆ మాట మర్నాడు నన్ను చిక్కుల్లో పడేస్తుందని అప్పుడు తెలియదు.

నూట అరవై అంగలు

దేవదానంగారు ఎనభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. భుజం మీద తెల్ల టవలు. నేను "బాబాయిగారూ, తప్పు చేశాను, సరిదిద్దడానికి వచ్చాను" అన్నాను. సుగుణమ్మ నవ్వింది. ఈ వైపు పరాయివాళ్లను బాబాయిగారూ అనరట.

"తప్పేముందిమ్మా, నువ్వు సూడలేదు కదా. సూసినోళ్లే నమ్మకపాయె. అన్నం తిను ముందు."

అన్నం అన్నాడు గానీ పెట్టింది జొన్న రొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి, అంటే మా వేరుశనగ పొడి. మావైపు ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టకుండా రొట్టె పెడితే అలిగి పోతారు. నేను మూడు రొట్టెలు తిన్నాను.

సాయంత్రం చేను చూపించాడు. నల్లరేగడి, పత్తి మొలకలు వరసగా లేచి ఉన్నాయి. తూర్పున నల్లమల నీలంగా ఉంది. రన్‌వే అనడానికి ఒక్క ఆనవాలు లేదు. ఆయన మాత్రం గట్టు మీద నిలబడి కళ్లముందు ఉన్నట్టే చెప్పాడు.

"కొండ దిక్కు నుంచి వస్తాండె. ఈడ దిగుతాండె. మందు నింపుకోని మళ్లా లేస్తాండె. నేను సేలో తెల్లజెండా పట్టుకోని నిలబడతాంటి. నా నెత్తి మీదనే వస్తాది. అది దాటేలోపల నేను ఇరవై అంగలు పక్కకు ఉరకల్ల. మళ్లా జెండా ఎత్తల్ల. అట్ల సేనంతా కొలిసినా."

"మందు మీద పడేది కాదా?"

"పడక యాడికి పోతాది? టవలు మూతికి కట్టుకుంటాంటి."

పైలట్ ఏమైనా మాట్లాడేవాడా అని అడిగాను. పెద్దాయన కొంచెం తటపటాయించాడు. "ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. కానీ ఆ రోజు పని అయిపోయినాక దిగేముందు ఒకసారి నా మీదికి వచ్చి రెక్కలు అట్లా ఇట్లా ఊపుతాండె. నాకే ఊపుతాండె. ఇది సెప్తే ఇంకా నవ్వుతారని ఎవురికీ సెప్పలా."

రన్‌వే పొడవు ఎంత అంటే, ఒక పక్క ఆరు రాళ్లుండేవని, రాయికీ రాయికీ మధ్య నూట అరవై అంగలని నోరు జారాడు. వెంటనే "అవి ఎప్పుడో పోయినాయిలే" అని మాట మార్చాడు.

కానీ గట్టు చివర మోకాలెత్తు తెల్లరాయి ఒకటి నాకు కనిపిస్తూనే ఉంది. కొత్తగా సున్నం కొట్టి ఉంది. అదేంటని అడిగితే ఆయన గొంతు మారిపోయింది.

"అది లక్షుమ్మ సేను. ఆ రాయి జోలికి పోవద్దు."

నేను పోవద్దంటే ఆగే రకం కాదు. మా అమ్మ ఆ మాట అని అనీ విసిగిపోయింది.

ఆదివారం నేను చేసిన పని

పొద్దున్నే ఇంటిల్లిపాదీ చర్చికి పోయారు. నాకు తలనొప్పి అని అబద్ధమాడి ఒక్కదాన్నే చేనుకి బయలుదేరాను. రాత్రి జల్లు పడినట్టుంది. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు ఒక్కటే చెబుతాను: చెప్పులు దానికి ఇచ్చేసి పోవాల్సిందే. పది అడుగుల్లో ఒకటి, పదిహేనో అడుగులో రెండోది దిగబడిపోయాయి. వట్టి కాళ్లతో రాయి దగ్గరికి చేరాను.

మూలలు చూశాను. అచ్చం శిల్పి చెప్పినట్టే నాలుగు అంచులూ మూలమట్టానికి ఉన్నాయి. గట్టు రాయికి ఎవరు అంత కూలి ఇస్తారు? ఇంటి తాళంచెవి తీసి సున్నం గీకడం మొదలుపెట్టాను. పొరలు పొరలుగా రాలుతోంది. ఎన్నేళ్ల సున్నమో, వేలెడు మందం ఉంది.

"ఏయ్! ఎవుర్తివే నువ్వు? తల్లిని గీకుతాండావా?"

తిరిగి చూస్తే కొడవలి పట్టుకుని ఒకావిడ గట్టు మీద పరుగున వస్తోంది. లక్షుమ్మ. అప్పుడు రాయికి అవతలి పక్క చూశాను. పసుపు, కుంకుమ బొట్లు, వాడిన పూలు, కొబ్బరి చిప్ప. నేను వెనక నుంచి వచ్చాను కాబట్టి చూడలేదు. క్షమించమన్నాను, తెలియదన్నాను, ఏడుపు కూడా వచ్చింది.

"సేను సల్లగా ఉండాలని నలభై ఏండ్ల నుంచి మొక్కుతాండా. మా అత్త సూపిచ్చిన తల్లి. ఏరువాక ముందర సున్నం కొట్టి టెంకాయ కొట్టందే ఇత్తనం ఎయ్యం. నువ్వు యాడనుంచో వచ్చి తాళంచెవితో గీకుతావా?" ఆవిడ నా కాళ్లవైపు చూసింది. "చెప్పులు ఇడిసి వచ్చినావ్, అదొక్కటే నువ్వు చేసిన మంచి పని."

అరుపులకి నలుగురు పోగయ్యారు. చర్చి వదిలినట్టున్నారు, చంకలో బైబిలుతో దేవదానంగారు కూడా వచ్చేశాడు. ఆయన వెనక సుగుణమ్మ. వచ్చినవాళ్లలో టీ బంకు ఓబులేసు కూడా ఉన్నాడు. 'గాలి' అన్న పేరు పెట్టింది ఆయనే.

"సూడప్పా దేవదానమన్నా, నీ ఇంటికొచ్చిన సుట్టం చేసిన పని!" అంది లక్షుమ్మ.

పెద్దాయన రాయి వైపు చూశాడు, నా చేతిలో తాళంచెవి వైపు చూశాడు. "ఆ పాపను ఏమనొద్దు లక్షుమ్మా. తప్పు నాది" అన్నాడు. బైబిలు సుగుణమ్మ చేతికిచ్చి రాయి దగ్గరికి వచ్చాడు. "ఆ రాయికి తొలి సున్నం కొట్టింది నేను" అన్నాడు.

లక్షుమ్మ గిరుక్కున ఆయన వైపు తిరిగింది.

"పైలెట్‌కి కనపడాలని కొట్టినా. తొలకరి పడినాక కడుక్కపోతే మళ్లా కొడతాంటి. ఇమానాలు రావడం ఆగిపోయినాక కూడా రెండేండ్లు కొట్టినా, ఒకవేళ వస్తే దారి తెలియాలని. ఆ తర్వాత మీ అత్త కొట్టుకుంటాండె. అట్లా తల్లి అయింది."

"అయితే ఇన్నేండ్లూ ఎందుకు సెప్పలా?" అన్నాడు ఓబులేసు. "ఊరంతా నిన్ను అబద్ధాలోడంటాంటే నోరు మూసుకోని కూసున్నావా?"

"ఆ యమ్మ తల్లి అని మొక్కుతాంటే, నేను పోయి అది నా రాయి అని ఎట్లా సెప్పేది? నా మాట నిలబెట్టుకునేదానికి ఆ యమ్మ మొక్కు పడగొట్టల్నా?"

ఈయన దగ్గర రుజువు మొదటి నుంచీ ఉంది. రోజూ కళ్లముందే ఉంది. సాటి మనిషి మనసు నొచ్చుకుంటుందని మాట పడుతూ ఊరుకున్నాడు. నేను ఒక్క పొద్దున తాళంచెవితో దాన్ని గీకి పారేశాను.

లక్షుమ్మ కొడవలి గట్టు మీద పెట్టి కూర్చుంది. "అది నీ రాయే అని ఏంది గుర్తు?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టు.

"వద్దులే లక్షుమ్మా."

"సెప్పు."

"రన్‌వే దిక్కు మొగాన నంబరు చెక్కినారు. ఇది ఆరోది." ఆయన వేలు చూపించింది సరిగ్గా కుంకుమ బొట్ల కింద.

నేనైతే గుంటూరు బస్సు ఎక్కితే బాగుండుననుకున్నాను. లక్షుమ్మ లేచి, చేలోని బోరు దగ్గర బిందెతో నీళ్లు పట్టుకుని వచ్చింది. "ఎవురూ ముట్టుకోవద్దు. తల్లికి స్నానం చేపిచ్చేది నేను" అంది. నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్దింది. పసుపు పోయింది, కుంకుమ పోయింది. సున్నం నానాక కొడవలి మొనతో, పసిపిల్ల తల దువ్వినంత మెల్లగా పెచ్చులు తీసింది. చాలాసేపు పట్టింది. అడుగున ముందు ఓ వంపు కనిపించింది, తర్వాత సున్నా లాంటి చుట్ట. అరచేతంత ఆరు.

లక్షుమ్మ దాని మీద వేలు పెట్టి రెండుసార్లు రాసింది. ఓబులేసు వంగి చూశాడు, మళ్లీ చూశాడు.

"అయితే ఏంది?" అంది లక్షుమ్మ చివరికి, అందరినీ ఓ చూపు చూసి. "నంబరున్న తల్లి. ఇమానాలు దింపిన తల్లి సేనును సూసుకోలేదా?" అని పసుపు తెచ్చి, ఆరంకె చుట్టూ రాసి, బొట్టు పెట్టింది. దేవదానంగారి వైపు తిరిగి, "వచ్చే ఏరువాకకు సున్నం నువ్వే కొట్టల్ల. తొలి పూజారివి నువ్వే కదా" అంది.

"నేను పూజారినైతే మా పాస్టరు ఊరుకుంటాడా?" అన్నాడు పెద్దాయన. "సున్నం వరకైతే కొడతా."

మధ్యాహ్నం ఆయనే ముందు నడిచి, రాయి నుంచి అంగలు లెక్కపెడుతూ పడమటికి పోయాడు. ఎనిమిది వందల అంగల దగ్గర తుమ్మచెట్టు కింద సగం పూడిన మొదటి రాయి దొరికింది. మిగతా నాలుగూ లేవు, ఒకటి మాత్రం ఓబులేసు ఇంటి ముందు బట్టలుతికే బండ అయిందని తేలింది. దాని అడుగున మూడంకె ఉంది. ముప్పై ఏళ్లుగా వాళ్లావిడ దాని మీదే చొక్కాలు బాదుతోంది.

నేను రెండు రాళ్లనూ ఫోన్‌లో గుర్తు పెట్టుకుని గీత గీశాను. పొడవు ఆయన అంగలతో సరిపోయింది. ఆ రాత్రి సంగటి, కోడికూర తిన్నాను. నా చెప్పులు మాత్రం దొరకలేదు.

ఓబులేసు టీ బంకు

సోమవారం పొద్దున కూర్చుని కాలువ గట్టు నుంచి రన్‌వేని తీసేశాను. గీత మీద కొత్తది వేశాను. తెల్లరాళ్లు పెట్టాను, నల్లమలను వెనక నిలబెట్టాను. చేను మధ్యలో తెల్లజెండా పట్టుకున్న మనిషిని కూడా పెట్టాను. ముఖం బాగా రాలేదు. భుజం మీద టవలు మాత్రం వచ్చింది.

ఓబులేసే కబురు పంపాడు. వెళ్లేసరికి బంకు ముందు బల్ల తుడిచి ఉంది. ఓ ఇరవై మంది ఉంటారు. లక్షుమ్మ కూడా వచ్చి గడప దగ్గర నిలబడింది. దేవదానంగారు నెల తర్వాత ఆ బల్ల మీద కూర్చున్నాడు. టీ పది రూపాయలు. మావైపు టీ కంటే రెండింతలు చక్కెర.

లాప్‌టాప్ తెరిచి విమానాన్ని నల్లమల మీద నుంచి తెచ్చాను. మందు చల్లే పసుపుపచ్చ చిన్న విమానం, ముందు ఒక్క పంకా. "అదిగో మన కాలువ" అన్నాడు ఎవరో. "అదిగో తల్లి" అంది లక్షుమ్మ.

విమానం చేను మీదికి వచ్చింది. జెండా మనిషి దగ్గర పడ్డాడు. నేను దింపలేదు. ఆయన నెత్తి మీదికి తీసుకెళ్లి, లాప్‌టాప్‌తో పాటు తెచ్చుకున్న జాయ్‌స్టిక్‌ని ఎడమకి వంచాను, కుడికి వంచాను. రెక్కలు ఊగాయి.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దేవదానంగారు లేచి నిలబడ్డాడు. భుజం మీద టవలు తీసి రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పక్కకు అంగలు వేయడం మొదలుపెట్టాడు. నాలుగో అంగకు బల్ల అడ్డం వచ్చింది.

ఓబులేసు గబగబా వచ్చి బల్లను పక్కకు లాగేశాడు.

"ఇరవై కదన్నా?" అన్నాడు. "పో, దారి ఉండాది."